భాషల గదిలో ఉన్న మా అమ్మమ్మ మాటలు

అయ్యా,

కాదండీ, నేను దొంగతనానికి రాలేదు. నిన్న మీ యూనివర్సిటీ భాషల గది కిటికీ దగ్గర వాచ్‌మన్ పట్టుకున్నది నన్నే. లోపల మా అమ్మమ్మ గొంతు వినిపిస్తుందేమోనని నిలబడ్డాను. ఎదురుగా వస్తే నాకు నోరు పెగలదు. చదువు ఐదుతోనే ఆగిపోయింది. అందుకే గోడ మీద "రిజిస్ట్రారు" అని రాసున్న మీ నంబరుకి మెసేజ్ పెడుతున్నాను.

విషయం: యూనివర్సిటీ వారు రికార్డు చేసుకున్న మా అమ్మమ్మ మాటలు మాకు వినిపించుట గురించి.

1. మా అమ్మమ్మ గోతాలు కుట్టేది. మా ఇంటి భాష వచ్చింది ఆవిడొక్కదానికే. నలుగురూ నవ్వుతారని మా అమ్మకి కూడా రా, పో, తిను తప్ప నేర్పలేదు. పోయినేడాది మీ భాషల గది మేడం మూడు నెలలు కూర్చోబెట్టి, ఒక్కో మాటా చెప్పించి, తెలుగులో అర్థం కూడా ఆవిడ చేతే చెప్పించారు. మేడంకి మా భాష రాదు. మిషనుకే వచ్చు.

2. పోయిన నెల అమ్మమ్మ పడిపోయింది. తలకి దెబ్బ. తెలుగు మొత్తం పోయింది, ఇంటి భాషొక్కటే మిగిలింది. "ఎక్కడ నొప్పో అడగండి" అంటారు డాక్టరుగారు. నొప్పిని మా భాషలో ఏమంటారో అమ్మకీ నాకూ తెలీదు. ఆ మాట మీ రికార్డులో ఉంటుంది.

3. "గొంతు ఎవరిదో వాళ్ళ సంతకం ఉంటేనే బయటికిస్తాం" అన్నారు మీ గుమస్తాగారు.
"మా అమ్మమ్మదే సార్."
"అయితే పెట్టించుకు రా. నా ప్రాణం ఎందుకు తింటావ్?"
ఆయనిచ్చిన కాగితం మీద వేలిముద్ర వేయించబోతే అమ్మమ్మ భయపడి చెయ్యి లాక్కుంది. నేనే గట్టిగా పట్టుకుని వేయించాను. తప్పే. ఆ కాగితం చూసి మేడం, "ఇందులో ఏముందో ఆవిడకి అర్థమైందా బాబూ?" అన్నారు. అబద్ధం చెప్పలేకపోయాను.

4. కాగితం ఆవిడ భాషలోనే చదివి వినిపించాలట. అదీ మీ లిస్టులో ఉన్నవాళ్ళేనట. లిస్టులో మా భాషకి ఒక్క పేరే ఉంది. అమ్మమ్మది.

"ముసలివాళ్ళని ఎవరూ మోసం చెయ్యకూడదని ఈ రూలు నేనే పెట్టించాను రా" అని మేడం తల పట్టుకున్నారు. మార్చాలంటే మీరే మార్చాలట. రికార్డు మాకు ఇవ్వక్కర్లేదండీ. మంచం దగ్గరికి తెచ్చి, వినిపించి, పట్టుకుపోండి. ఈ ఒక్కటి తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గోతాలు కుట్టే ముసలమ్మ మనవడు

ఇంకో మాటండీ. పొద్దున అమ్మమ్మ నా చొక్కా పట్టుకుని చాలాసేపు ఏదో అడిగింది. జవాబు కోసం అలాగే చూస్తూ ఉంది. ఏం చెయ్యాలో తెలీక "ఊఁ" అన్నాను. చొక్కా వదిలేసి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పట్నుంచి నీళ్ళు కూడా తాగట్లేదు. నేను దేనికి ఊఁ అన్నానండీ?