భర్మారు తుపాకి మీద పేరు

కామారెడ్డి, కార్తీక మాసం, గురువారం.

బాపూ,

ఈ రోజు ఇల్లు అలికిన, జొన్నలు విసిరిన, నీ సంవత్సరీకానికి బియ్యం ఏరిపెట్టిన. అంతలో, పోయిన వారం నీ తుపాకి చూస్తనని వచ్చిన మద్నూర్ ఆయన మళ్లీ వచ్చిండు. గొట్టంల మందు కూరి పేల్చే నీ భర్మారు తుపాకి వాళ్ల తాత చేసిందట, తిరిగి ఇవ్వాలట.

"ఇవ్వకుంటే ఎల్లారెడ్డి కచేరీల దరఖాస్తు పెడత అక్కా. గొట్టం మీద మా తాత పేరున్నది, చూసుకో."

చూసిన. నిజంగానే పేరున్నది. కానీ గొట్టమంతా పాతబడి నల్లగా ఉంటే, ఆ అక్షరాల లోపల ఇనుము కొత్త సూదిలా మెరుస్తున్నది. పోయిన వారం తుపాకి ఆయన చేతికిచ్చి, మజ్జిగ చిలికి తేవడానికి నేను లోపలికి పోయిన.

"మీ తాత మొన్ననే వచ్చి చెక్కిపోయిండా తమ్మీ?" అని అడిగిన.

చెప్పులు తొడుక్కొని పోయిండు.

దాన్ని ఎవరు చేసిండ్రో చెప్పడానికి నువ్వు లేవు. ఆయన తాత మాత్రం కాదు.