కుంటిచెట్టుకు పేరు

సరిబులాక్,
సెప్టెంబర్ 3.

చిరంజీవి ఉల్బోసిన్‌కు అడవి కాపలా ఓంగర్‌బాయ్ తాత దీవించి రాయునది. నేను క్షేమం. గుర్రం క్షేమం. నీ ఒంట్లో ఎలా ఉందో, అమెరికాలో చలి మొదలైందో లేదో తెలియజేయి. మర్యాదలు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో ఎముకలా అడ్డం పడి ఉంది. “స్థానికుడొకడు దారి చూపాడు.” ఆపిల్ చెట్ల మీద నువ్వు రాసిన మొదటి వ్యాసంలో నా గురించి ఉన్నది అంతే. ఇంగ్లీషులో ఉంటే బడి పంతులు చదివి చెప్పాడు. నలభై ఏళ్లు ఆ కొండని కాచినవాణ్ణి, నాకు పేరు లేదా? నా గుర్రానికి కూడా ఉంది.

పట్నం బూట్లతో వచ్చావు. మూడో రోజుకి ఒక బూటు అడుగు ఊడిపోతే బండ మీద కూర్చుని ఏడ్చావు. తాతా, మంటతెగులు కొండంతా తినేసింది, బతికిన చెట్టు ఒక్కటీ దొరకలేదు, నా చదువు ఇంతటితో సరి అన్నావు. మా ఇంటికి తీసుకొచ్చి టీ తాగించి, మర్నాడు గుర్రం మీద లోయలో ఒక పక్కకి ఒరిగిన ఆ కుంటిచెట్టు దగ్గర దింపింది ఎవరు? చుట్టూ చెట్లన్నీ కాల్చినట్టు నల్లబడి ఉంటే అదొక్కటే ఆకు కందకుండా నిలబడి ఉంది. ఆ కొమ్మలు తీసుకెళ్లి అంటుకట్టే కదా నువ్వు ఇంతదానివయ్యావు!

పోయిన ఏడు మీ లాయరు కాగితం పంపాడు. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లని అక్కడ స్థిరపడనిస్తారట, అందుకు నా సాక్ష్యం కావాలట. పోస్టాఫీసులో పనిచేసే జౌరేష్ చదివి చెప్పింది. “ఆ చెట్టుని ఉల్బోసిన్ తానే వెతికి పట్టుకుంది” అని ఉంది. ఇది అబద్ధం కదా తాతా, సంతకం ఎలా పెడతావు అంది. పిల్ల బతుకు బాగుపడుతుంది, నీ సొమ్మేం పోయింది, పెన్ను ఇలా తే అన్నాను. పెట్టాను. ఆ రాత్రి నుంచి నిద్ర సరిగా లేదు.

మొన్న మీ అమ్మ రిస్తీ వాకిట్లోంచే కేకేసింది. మంచి కబురు తెచ్చాను, కానుక ఇస్తే గానీ చెప్పను మామా అంది. తలగుడ్డ ఇచ్చాను. నీకు మంజూరైందట. సంతోషించాను, నిజం. ఆ వెంటనే, మామా, ఆ చెట్టు రకానికి “ఉల్బోసిన్” అని పేరు నమోదు చేస్తున్నారు, నవంబర్ ఒకటిన కాగితం వెళ్తుంది అంది. ఇచ్చిన తలగుడ్డ వెనక్కి లాక్కుందామనిపించింది.

నీ మంజూరు కాగితానికి అడ్డు రాను. సంతకం పెట్టి నాలుక మడతేసే రకం కాదు నేను. కానీ చెట్టుకి నీ పేరు పెట్టడం అన్యాయం. దాన్ని నువ్వు కనిపెట్టలేదు. పేరు మారుస్తావో లేదో అక్టోబర్ ఇరవైలోగా మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పు. ఇరవై ఒకటిన కబురు వచ్చినా నేను వినను.

ఇట్లు,
ఓంగర్‌బాయ్.

తా.క.: ఉత్తరం అంటించబోయి మళ్లీ విప్పాను. నా పేరు పెట్టమని అడుగుతున్నాననుకుంటావు. ఈ పూట దాకా నేనూ అదే అనుకున్నాను.

దాన్ని నేనూ కనిపెట్టలేదు. తెగులు వచ్చిన ఏడు మా ఆవిడ తప్పిపోయిన దూడని వెతుకుతూ లోయలోకి దిగి చూసింది. ఆ కుంటిది నల్లబడలేదండీ అని చెబితే, చెట్ల సంగతి నీకేం తెలుసు, పోయి పాలు పితుకు అన్నాను. మరుసటి ఏడు కొంగు నిండా పళ్లు తెచ్చి నా ముందు కుమ్మరించింది. పాలు పితకడానికి పోయింది.

నువ్వు మా ఇంట్లో కూర్చున్న రోజున, నేనొక చెట్టు కనిపెట్టాను అమ్మాయ్ అన్నాను. అప్పుడే ఆవిడ నాకు టీ పోస్తోంది. గిన్నె అంచు దాకా పోసింది. అవ్వకి పరధ్యానం అని నువ్వు నవ్వావు. నిండు గిన్నె అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? తాగి లేచిపొమ్మని. నలభై ఆరేళ్ల కాపురంలో ఆవిడ నన్ను ఒక మాట అన్నది ఆ ఒక్కసారే. నేను తాగి లేచి నీకు గుర్రం కట్టడానికి వెళ్లాను. ఆవిడ పోయి రెండేళ్లు.

నలుగురిలో ఆవిడని నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, కనుక నీకు తెలియదు. కలంపిర్. చెట్టుకి అది రాయించు. అక్టోబర్ ఇరవై.