వణకని గొంతు

అమ్మకు,

నమస్కారాలు. నువ్వూ తాతయ్యా క్షేమమని తలుస్తాను. నేను క్షేమమేనా అన్నది ఈ ఉత్తరం పూర్తిగా చదివి నువ్వే చెప్పాలి.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పన్ను తీయించుకున్నాను. వేళకు తింటున్నాను, రుచి మాత్రం అడక్కు. "ఫోన్లో నీ గొంతు సున్నం కొట్టిన గోడలా ఉందేమిటే, నా మీద కోపమా?" అని రాశావు. కోపం కాదు. కోపం వచ్చినా బాగుండేది.

నా పనేమిటో తాతయ్య మళ్ళీ అడుగుతున్నాడన్నావు. ఇలా చెప్పు. పైన అంతరిక్ష నౌకలో ముగ్గురుంటారు. కింద ఎంతమంది పనిచేస్తున్నా, వాళ్ళతో మాట్లాడేది ఒక్కరే. తలా ఒక మాట చెబితే పైవాళ్ళు తికమకపడతారు. నా షిఫ్టులో ఆ ఒక్కరూ నేనే. కాన్వెంటులో భోజనాల వేళ సిస్టర్లు నాచేత పుస్తకం చదివించేవారు కదా, గొంతు పెంచకుండా, తగ్గించకుండా. అదే ఇక్కడ ఉద్యోగమైంది.

ఆ ముగ్గురిలో ఒకతిని నేను పిడుగు అని పిలుస్తాను. నీకు తెలుసు. పోయిన సెలవులకు నాతో వచ్చి, నీ కుక్కర్ విప్పి బాగుచేసిన అమ్మాయి. "ఈ పిల్లని చేసుకునేవాడు అదృష్టవంతుడే" అన్నావు.

కిందటి వారం నౌకలో ఒక గదిలోంచి గాలి కారిపోవడం మొదలైంది. ఆ గదిలో ఉన్నది పిడుగే. ముందు ఏ వాల్వు కట్టాలో, తరువాత ఏ తలుపు మూయాలో నేను చదువుతూ పోయాను. తను ఒక్కొక్కటీ చేసి బయటపడింది. ఇక్కడ అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మా పెద్దసారు నా కుర్చీ దగ్గరకు వచ్చారు.

"రాయివమ్మా నువ్వు! మా అందరికీ చేతులు వణికాయిగానీ నీ గొంతు వణకలేదు. ఇకమీదట కష్టమైన షిఫ్టులన్నీ నీకే."

ఆయన పొరబడ్డారు. అది ధైర్యం కాదు.

అంతలో పైనుంచి పిడుగు పిలిచింది. ఆ లైను అందరూ వింటారు, సొంత మాటలు కూడవు. అయినా అడిగింది.

"ఏమే, భయపడ్డావా?"

"లేదు."

"కాస్త కూడా?"

"లేదు."



"నేను ఏడ్చానే. నువ్వు ఇవాళే డాక్టర్ దగ్గరకు వెళ్ళు. వెళ్ళకపోతే నేను దిగను, ఇక్కడే కాపురం పెట్టేస్తా."

వేళాకోళమనుకుని గదిలో అందరూ నవ్వారు.

అమ్మా, "ఎవరైనా అబ్బాయి ఉన్నాడా? ఉంటే చెప్పు, కొరుక్కుతిననులే" అని అడిగావు. అబ్బాయి లేడు. పిడుగును చేసుకునేవాడూ లేడు. నేనున్నాను. ఆ సెలవులకంటే ముందునుంచే.

అలాంటి మనిషి చావుదాకా వెళ్ళివస్తే నాకు ఏమీ అనిపించలేదు. పన్ను తీసేముందు మత్తిచ్చాక చెంప గిల్లుకున్నట్టుంది. చెంప ఉందని వేలికి తెలుస్తుంది, చెంపకు తెలియదు. చాలా నెలలుగా అన్నిటికీ ఇంతే.

డాక్టరమ్మ దీన్ని డిప్రెషన్ అంది. తగ్గుతుందనీ అంది. మాత్రలు మొదలుపెట్టాను. పెద్దసారుకు నేనే చెప్పాను. ఆయన మంచిగానే విన్నారు. "నయమయ్యాక చూద్దాం తల్లీ" అన్నారు. ఇప్పుడు నా కుర్చీలో వేరే అతను కూర్చుంటున్నాడు. పిడుగు గొంతు వినే దారి నాకు లేదు.

వచ్చే నెల వాళ్ళు దిగుతారు. అన్నాళ్ళు తేలి ఉన్నాక కాళ్ళు నిలవవు. నౌక తలుపు దగ్గర ఇంటివాళ్ళిద్దరు నిలబడి, చెరో భుజం కింద చెయ్యివేసి నడిపించుకురావడం ఇక్కడి ఆనవాయితీ. మా సంగతి తెలిసి పిడుగు వాళ్ళ నాన్న రానన్నారు. తల్లి లేదు. ఒక వైపు నేనుంటాను.

రెండో వైపుకు నువ్వు రాగలవా?

తిట్టాలనిపిస్తే తిట్టు, చదువుతాను. నువ్వొస్తే సంతోషిస్తానని మాటివ్వలేను, ఆ సంగతి నాకింకా తెలియదు. కానీ ఇన్నాళ్ళలో నాకు కావాలనిపించింది ఇదొక్కటే.

ఇట్లు,
నీ మాట కోసం చూస్తున్న
నీ చిన్నమ్మాయి