తడి వేలికి చెరగని అక్షరం

మగ్దలీనమ్మా, ప్రభువు దయతో కావలిలో బాగున్నాము. మన బిడ్డ అబిగయీలు ఇంట్లోనే దరఖాస్తులు రాసిచ్చే ఆఫీసు పెడుతున్నది గదా, ప్రింటరు కొనేదానికి నన్నూ తీసుకుపోయింది. షాపాయన రంగుల ఇంకుది చూపిస్తే, "నా దగ్గరికొచ్చేది పడవలోళ్ళే అన్నా, తడి చేతుల్తోనే పట్టుకుంటారు" అన్నది. దాంట్లోనూ, పక్కనున్న నల్ల లేజరుదాంట్లోనూ కాగితం తీయించి నేనే తడి వేలితో రుద్దాను. రంగులది అలుక్కుపోయింది, నల్ల లేజరుది కదల్లేదు! వానకు చెరిగి చెల్లకుండాపోయిన మన పడవ కాగితం తలపుకొచ్చి షాపులోనే కన్నీళ్ళు పెట్టుకున్నాను. అదే కొన్నాము. ప్రార్థన చేసి, తొలి కాగితం మీద నీకిష్టమైన కీర్తన పెద్దక్షరాలతో తీసింది నా బంగారుతల్లి. ఆదివారం తెస్తాను. వలలు ఎండలో వేశావా? మందులు మానవద్దు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. కీర్తన చదువుతూ ఏడ్చినా పర్వాలేదు, ఆ అక్షరాలు చెరగవు.

నీ హెబ్రోను