విన్సెంట్‌కు చిన్న స్క్రీనే చాలు

లతా, డ్యూటీకి పోతాన్న, నిన్ను లేపలే. కొత్త మానిటర్ నీ లైనక్స్ ల్యాప్‌టాప్‌కు పెట్టిన. నల్లగనే ఉంటే కేబుల్ తీసి మల్ల గట్టిగ పెట్టు. అయినా రాకుంటే సెట్టింగ్స్‌ల డిస్‌ప్లేస్‌కు పోయి, రెండు స్క్రీన్లను కలిపే ‘జాయిన్’ పెట్టి అప్లై కొట్టు.

మీ ఆఫీసు విన్సెంట్‌కు మాత్రం ఫోన్ చెయ్యకు. నిన్న గంటసేపు ఆయన ఫోన్ల చెప్పుడు, నువ్వు నవ్వుడు. టేబుల్ కింద పండుకొని కేబుల్ పట్టుకున్నది నేను.

మీటింగ్ ల్యాప్‌టాప్‌లనే తెరువు. ఆయన మొహం మనింట్ల అంత పెద్దగ అక్కర్లేదు.

ఉప్మా గిన్నెల ఉంది.

– రాంప్రసాద్

ఇంకోటి. ‘జాయిన్’ సంగతి తెల్వక పొద్దుగాల నేనే ఆయనకు ఫోన్ చేసిన. నీకు చెప్పొద్దన్న గని, చెప్తడు. నవ్వేదుంటే సాయంత్రం నేనొచ్చినంక నవ్వు.