పెంచలకోనకు మొక్కిన నా జుట్టు

ఏమయ్యా, నేనూ మన కూతురు మాధవీ ఆత్మకూరు మీద పోయే మొదటి బస్సుకు నెల్లూరికి కీమోకి పోతా ఉండాము. నిన్నటి చేపల పులుసు చట్టిలోనే ఉండాది, సంగటి మాత్రం నువ్వే కెలుక్కో. బర్రెకు కుడితి పెట్టు. మీ అక్క చూసేదానికి వస్తే కాఫీ ఇచ్చి పంపు, ఏడవనీబాకు.

ఇంకో మాట. అరికాలి మచ్చ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకినాదని, కీమో పెట్టాలని చెప్పిన రోజే నా తలనీలాలు పెంచలకోన స్వామికి మొక్కేసినావంట. మాధవి చెప్పేసింది. ఎట్టాగూ రాలిపోయే జుట్టే గదా అనుకున్నావా? సంతలో చచ్చే గొర్రెను అంటగట్టినట్టు దేవుడికి కూడా అంటగడతావా?

కొత్త రకం ఇంజెక్షన్లు మనం కొనలేమని డాక్టరమ్మ పాత మందే పెడతా ఉండాది. దానికి జుట్టు పెద్దగా రాలదంట! నా జడ జడలాగే ఉండాది. ఇప్పుడు ఇంత మంచి జుట్టు గొరిగించుకోవాల. నువ్వూ నా పక్కన కూర్చోని గుండు కొట్టించుకో, ఆ మీసంతో సహా.

మరిచిపోయినా. జుట్టిస్తానన్నావు సరే, బదులుకు స్వామిని ఏమడిగినావో చెప్పలేదే. ఏడాదీ రెండేళ్లూ అని పిసినారిగా అడిగుంటే, మళ్లీ పోయి అడుగు.