నాయన కీబోర్డుకు దాని సొంత వైరు

నాయనా,

కీబోర్డు చెడిపోలేదు. నిన్న నువ్వు తగిలించింది నా ఫోను ఛార్జర్ వైరు. దాంతో లైట్లు వెలుగుతాయి గానీ, నువ్వు నొక్కే స్వరం కంప్యూటర్‌కు చేరదు. దాని సొంత వైరు మంచం కింద దొరికితే తగిలించినాను. ముందు కంప్యూటర్ ఆన్ చేసి, తర్వాత పాటల సాఫ్ట్‌వేర్ తెరువు. శబ్దం రాకపోతే సాఫ్ట్‌వేర్ మూసేసి, వైరు ఒకసారి పీకి పెట్టి, మళ్లీ తెరువు.

"నా ఎడమ చెయ్యి మాదిరే ఇదీ పడిపోయిండాది, అటక మీద పడెయ్యి" అని కసిరినావు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటానే ఉంది. పక్షవాతం వచ్చినాక హార్మోనియం తిత్తి కొట్టలేక నువ్వు భజనకు పోవడం మానేసినావనే కదా, తిత్తి అక్కర్లేని దీన్ని తెచ్చింది! దీనికి కుడి చెయ్యి ఒక్కటే చాలు.

బస్సుకు టైమైంది, పోతున్నా.

మహిత

ఇంకొక మాట. పొద్దున సరిచూద్దామని రెండు మెట్లు నొక్కినాను. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి, "మీ నాయన వాయిస్తా ఉండాడేమో అనుకున్నానే" అనింది. నేనని చూసి, మళ్లీ లోపలికి పోయింది. ఈరోజు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని వాయించు.